తిమోతి సార్ నేర్చుకున్న తిరుగుడు

వాకాడు దగ్గరి హైస్కూల్లో తిమోతి డ్రిల్లు మాస్టారు. ఆటల సామాను ఉంచే గది తాళం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. 1959లో ఒక సాయంత్రం ఆయన డిస్కస్ బయటికి తీసి, ఇనుప అంచున్న ఆ చెక్కబిళ్ళను ఓబయ్య చేతిలో పెట్టాడు. ఓబయ్య తొమ్మిదో తరగతి. తండ్రి చెంగయ్య పులికాట్ సరస్సులో చేపలు పడతాడు. మాస్టారు నోరు తెరిచేలోపే వాడు రెండు కాళ్ళూ పాతినట్టు నిలబెట్టి, పడవ మీంచి వల వేసినట్టు నడుము తిప్పి వదిలాడు. బిళ్ళ కంచె దాటి వేరుశనగ చేలో పడింది. దాన్ని వెతకడంతోనే చీకటి పడింది.

ఆ ఏడు నెల్లూరు జిల్లా పోటీల్లో ఓబయ్య మూడోవాడిగా వచ్చాడు. పటాలంలో పనిచేసి వచ్చి, నెల్లూరులో కలిగినవాళ్ళ పిల్లలకు ఆటలు నేర్పే పద్మనాభయ్య అది చూశాడు.

"వీడికి చెయ్యుంది గానీ కాళ్ళు లేవయ్యా" అన్నాడు తిమోతితో. "వేసవిలో రెండు నెలలు నా దగ్గర పెట్టు. నాకేమీ ఇవ్వనక్కర్లేదు."

తిమోతికి ఆ మాట గుచ్చుకుంది. అయినా దాచుకోలేక చెంగయ్య ఇంటికి వెళ్ళి చెప్పాడు.

"ఆటలకు గూడా ప్రైవేటేంది సారూ?" అన్నాడు చెంగయ్య. "వల వెయ్యడం వాడికి ఎవురు నేర్పినారు?"

"రెండు నెల్లేగా, పోనీ" అంది భార్య కామమ్మ. "మా అక్క మస్తానమ్మ ఆడే ఉండాది. కూటికి కరువు లేదు."

ఓబయ్య వెళ్ళాడు. నెల తిరక్కుండానే ఒక ఉదయం వచ్చి తిమోతి గుమ్మంలో కూర్చున్నాడు.

"ముగ్గుపిండితో గుండ్రంగా గీసి, దాంట్లో ఒంటికాలి మీద తిరగమంటాడు సార్. పడవలో అట్ట తిరిగితే నీళ్ళలో పడతాం. ఇప్పుడు నాకు ముందు వచ్చిందీ పోయింది. మీరు నేర్పింది చాలు నాకు."

ఆ మాట వినాలని తిమోతి ఇన్నాళ్ళుగా ఎదురుచూశాడు. విన్నాక సంతోషం కలగలేదు. లోపలికి వెళ్ళి, ట్రైనింగ్‌లో ఇచ్చిన పాత పుస్తకం తెచ్చాడు. డిస్కస్ గురించి అందులో ఉన్నది ఒక పేజీ, రెండు బొమ్మలు.

"నాకు తెలిసింది ఇంతేరా. సరిగ్గా తిరిగి విసిరేవాణ్ణి నేనూ ఇంతవరకు చూడలేదు. నీకు నేను నేర్పిందేమీ లేదు. నువ్వు విసిరావు, నేను కొలిచాను. పద, మధ్యాహ్నం బస్సుకు నేనూ వస్తాను."

ఆ సాయంత్రం నెల్లూరులో పద్మనాభయ్య ఓబయ్యను తిట్టలేదు. మళ్ళీ గీతలోకి దిగమన్నాడు. తిమోతి పక్కన నిలబడి కాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, "నాక్కూడా చెప్పండి" అన్నాడు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు. మొదటి తిరుగుడులోనే బోర్లా పడ్డాడు. తోటి పిల్లలు నవ్వారు. ఓబయ్య వెళ్ళి లేపాడు. అప్పట్నుంచి నెలకు రెండు ఆదివారాలు, చర్చి అయ్యాక, ఆయన నెల్లూరు బస్సెక్కడం అలవాటయింది. ఇంట్లో భార్య ఆదిశేషమ్మ, "ఈ వయసులో నీకు ప్రైవేటా?" అని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

1961లో ఓబయ్య జిల్లాలో మొదటివాడిగా నిలిచాడు. హైదరాబాదు వెళ్ళి రాష్ట్ర పోటీల్లో ఆరోవాడయ్యాడు. అంతటితో ఆట ఆగింది. చెంగయ్యకు ఒంట్లో బాగలేక వాడు పడవ ఎక్కాడు. మళ్ళీ ఆటకు రమ్మని తిమోతి ఒకటి రెండుసార్లు వెళ్ళి అడిగాడు. "నాకు బాధేం లేదు సార్" అన్నాడు ఓబయ్య. తిమోతికి మాత్రం ఆ బాధ కొన్నాళ్ళు ఉండింది.

1965లో చిట్టమూరు రైతుబిడ్డ ప్రమీలమ్మ ఆ బళ్ళో చేరింది. తిమోతి బడి వెనక ముగ్గుపిండితో గీత గీసి, తనే తిరిగి చూపించి నేర్పాడు. మరుసటేడు ఆ పిల్ల జిల్లా పోటీల్లో రెండోస్థానం తెచ్చుకుంది. నిర్వాహకుల్లో ఒకాయన, "ప్రైవేటు ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"మా బళ్ళోనేనండీ" అంది.

ముసలివాడైన పద్మనాభయ్య కుర్చీలోంచి లేచి తిమోతి దగ్గరికొచ్చాడు. "ఎడమకాలు కాస్త ఆలస్యంగా పడుతోందయ్యా ఆ పిల్లది."

"నాదీ అంతేగదండీ" అన్నాడు తిమోతి. "వచ్చే ఆదివారం ఇద్దరం వస్తాం."