తెగిన లైనులో మూడో పీరియడ్

మణికొండలో నేను బాడుగకు తీసుకున్న ఇంట్లో అంతకుముందు ఒకాయన ఉరి వేసుకున్నాడు. ఆ సంగతి ఓనరే చెప్పి, ఎవరూ రావడం లేదని బాడుగ తగ్గించి ఇచ్చాడు. నేనూ నా భార్యా ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయాం. వంటింట్లోంచి మూలుగు వినిపిస్తుందని పక్కవాళ్ళు చెబితే, అది పైపులో గాలి అని కనిపెట్టి కుళాయి వాషర్ మార్చాను. మూలుగు ఆగిపోయింది. దయ్యాలతో నా పరిచయం అంతవరకే. ఇప్పుడు రాయబోయేది ఒక భయస్తుడి మాటగా తీసుకోవద్దని ముందే ఇదంతా చెబుతున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. అనంతపురంలో ఇంటర్ తప్పి హైదరాబాద్ వచ్చాను. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ గోదాములో స్టాకు చూస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎక్కడైనా రెండు అంకెలు కలవకపోతే నాకు అన్నం సహించదు. ఆ గుణం వల్లే మాదాపూర్‌లో ఒక ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో చెకర్‌గా ఉద్యోగం దొరికింది. అమెరికా నుంచి వచ్చే రికార్డింగులను మావాళ్ళు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేసేవారు. టైపు చేసింది ఆడియోతో సరిపోయిందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని.

అక్కడ ఒక నియమం చాలా గట్టిది. వినబడని చోట ఊహించి రాయకూడదు. ఖాళీ గీత పెట్టి సమయం వేసి వదిలేయాలి. ఊహించి రాసినట్టు తేలితే ఉద్యోగం పోతుంది. ఆ మచ్చ పడినవాళ్ళను ఊళ్ళో ఉన్న మిగతా ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు కూడా తీసుకునేవి కావు.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బంద్ లేని రోజు కరెంటు కోత, కోత లేని రోజు రాస్తారోకో. సరిగ్గా ఆ రోజుల్లోనే మా చేతిలో ఒక ఐస్ హాకీ జట్టు చరిత్ర పడింది. ఒప్పందం ఉంది కాబట్టి ఆ ఊరి పేరూ, జట్టు పేరూ రాయను. అమెరికాలో ఉత్తరాన, కాగితపు మిల్లు మీద బతికే చిన్న ఊరు. జట్టు కూడా చిన్నదే, పెద్ద లీగుల్లో ఆడేది కాదు. మొదట్లో ఆటగాళ్ళలో సగం మంది మిల్లులో షిఫ్టు దిగి వచ్చి ఆడినవాళ్ళు. చుట్టూ లీగులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డా, ఈ జట్టు ఇంకో లీగు వెతుక్కుని అందులో చేరేది. ఒక ఏడాది మంచు బరువుకు స్టేడియం పైకప్పు కూలితే, ఆ సీజనంతా పక్క ఊరి ఐసు మీద ఆడారు. గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. అయినా దశాబ్దాల తరబడి నడుస్తూనే ఉంది. దాని అభిమానులు కొందరు కమిటీగా ఏర్పడి చరిత్ర పుస్తకం వేయాలనుకున్నారు. స్థానిక రేడియో స్టేషన్‌లో మిగిలిన కామెంటరీ టేపులన్నీ ఫైళ్ళుగా మార్చి మాకు పంపారు.

దాదాపు అన్నింట్లోనూ కామెంటరీ ఒక్కాయనదే. బొంగురు గొంతు, మధ్యలో దగ్గు. మావాళ్ళు ఆయనకు తాత అని పేరు పెట్టారు. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయిందని కమిటీ చెప్పినా, ‘ఇవాళ తాత మంచి ఊపు మీదున్నాడు’ అనుకుంటూ టైపు చేసేవారు. చెరుకురసం బండి మీద తప్ప అంత ఐసు చూసినవాళ్ళు మా హాల్లో ఒక్కరూ లేరు. నేనూ ఆ ఆట చూడలేదు. మూడు పీరియడ్లని, మామూలు తప్పుకు రెండు నిమిషాలు, కొట్లాటకు ఐదు నిమిషాలు బయట కూర్చోబెడతారని కాగితాల మీదే నేర్చుకున్నాను.

టైపిస్టుల్లో స్వరూప అనే అమ్మాయి ఉండేది. జనగామ వైపు పిల్ల. వాళ్ళ నాన్న మా పక్క బిల్డింగులోనే సెక్యూరిటీ. ఆయన తోటి కాపలావాళ్ళతో ఒక గదిలో, ఆమె హాస్టల్లో ఉండేవారు. సొంతంగా కుర్చీ, కంప్యూటరు ఉన్న ఉద్యోగం ఆ ఇంట్లో ఆమెదే మొదటిది. ఆయన డ్యూటీ దిగి వెళ్తూ, మా కిటికీ వైపు ఒకసారి చూసి మరీ వెళ్ళేవాడు.

ఒక బంద్ రోజు క్యాబులు నడవలేదు. నేను సందుల్లోంచి బండి మీద వచ్చాను. స్వరూప హాస్టల్ నుంచి నడిచి వచ్చింది. హాల్లో మేమిద్దరమే. బయట రోడ్డు మీద ఊరేగింపు నినాదాలు, లోపల ఆమె కీబోర్డు చప్పుడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకే ఫైలు చేసింది. ఒక పాత ఆటలో మూడో పీరియడ్. ఆమె కాలు పెడల్ మీద ఆడుతూనే ఉండటం నేను చూశాను. వెనక్కి తిప్పి మళ్ళీ విని, అక్షరాలు దిద్దుకోవడమూ చూశాను.

మర్నాడు సరిచూద్దామని ఆ ఫైలు పెట్టాను. స్టేషన్ దొరకని రేడియోలా సొర్రుమని ఒకటే చప్పుడు. మొదటి నుంచి చివరిదాకా అంతే. ఒక్క మాట లేదు.

నా హెడ్‌సెట్ చెడిందేమోనని ఆమెది అడిగి పెట్టుకున్నాను. ఆమె సీట్లో కూర్చుని, ఆమె కంప్యూటర్లోనే విన్నాను. అదే సొర్రు. టైపిస్టుల కంప్యూటర్లలో ఇంటర్నెట్ లేదు. వేరే ఫైలేదీ తెరిచిన గుర్తు కూడా లేదు. కమిటీని అడిగితే మళ్ళీ పంపారు, అందులోనూ సొర్రే. కానీ స్వరూప పేజీల్లో పీరియడ్ మొత్తం ఉంది. తాత దగ్గులతో సహా.

మేనేజర్ ప్రసాద్ గారిది గుంటూరు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఏ వ్యవహారమైనా సాయంత్రానికి ముగిసిపోవాలంటారు.

“ఏంటండీ ఇది ఓబులేసు గారూ? ఊహించి రాసిందని రిపోర్టు రాసేయండి. అయిపోతుంది,” అన్నారు నాతో.

“నేను ఊహించలె సార్,” అంది స్వరూప. “చెవుల వడ్డదే కొట్టిన. తాత మాట నాకు తెల్వదా?”

“మరి మాకెందుకు వినపడట్లేదమ్మా?”

“అది నన్నడుగుతరేంది సార్? మీ చెవులు మీయే గదా.”

హాల్లో అందరూ నవ్వారు. భీమవరం నుంచి వచ్చిన కిరణ్ అనే టైపిస్టు ఊరుకోలేక, “తెలంగాణ ఎప్పుడిస్తారో కూడా తాతనే అడుగు స్వరూపా,” అన్నాడు.

“అడుగుత. నువ్వు ఎప్పుడు వోతవో గూడ అడిగి చెప్త,” అందామె. అంది కానీ, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నా చికాకు వేరే రకం. రెండో పీరియడ్ అయ్యేసరికి మన జట్టు రెండు, అవతలి జట్టు నాలుగు. కమిటీ ముందే ఇచ్చిన జాబితాలో చివరి స్కోరు ఐదు, నాలుగు. స్వరూప రాసిన దాంట్లో మనవాళ్ళవి మూడు గోల్స్. ఇది ఎవరైనా తీసివేసి చెప్పగలరు. అందుకే ఇంకో దారి పట్టాను. ఆటగాళ్ళు ఆ సీజన్లో తప్పులకు బయట కూర్చున్న మొత్తం నిమిషాలు పంపమని కమిటీని అడిగాను. అవి అంతవరకు మా ఆఫీసులో ఎవరి దగ్గరా లేవు. వచ్చాక, ఈ మూడో పీరియడ్ తప్ప మా కాగితాల్లో ఉన్న ఆ సీజన్ ఆటలన్నీ కూడి చూశాను. ఒక డిఫెండర్‌కు ఏడు నిమిషాలు తక్కువ పడ్డాయి. స్వరూప పేజీల్లో ఆ డిఫెండరే ఒకసారి రెండు నిమిషాలు, ఇంకోసారి కొట్లాటకు ఐదు నిమిషాలు బయట కూర్చున్నాడు.

మూడుసార్లు కూడాను. మూడుసార్లూ ఏడే.

ఈ సంగతి చెబితే ప్రసాద్ గారికి ఇంకా విసుగొచ్చింది. “అయితే ఆడియోతో సరిపోయినట్టా, సరిపోనట్టా? రెంటిలో ఒకటి చెప్పండి మహానుభావా.” నా ఫారంలో ఉన్నవీ ఆ రెండు గడులే. ఆడియోతో సరిపోలేదు, ఆటతో సరిపోయింది అన్నాను. అలాంటి గడి లేదన్నారు.

చివరికి ఆయనే ఒక కాగితం తయారు చేశారు. ‘వినబడని భాగాన్ని నేనే ఊహించి రాశాను’ అని స్వరూప సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తారు. పెట్టకపోతే వారం చివరికి ఇంటికి పంపుతారు. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చింది.

“మా నాయినకు ఏమని చెప్పాలె సార్? చెయ్యని తప్పు చేసిన్నని సంతకం వెట్టి కుర్సీల కూసున్న అని చెప్పాల్నా?”

ఆమెను పంపించే ముందు కమిటీని ఒకసారి అడగాలని నేను పట్టుబట్టాను. మా పొద్దున, వాళ్ళ రాత్రి, కాన్ఫరెన్స్ రూములో స్పీకర్ ఫోన్ పెట్టాం. ప్రసాద్ గారు, నేను, స్వరూప. అటువైపు కమిటీ పెద్దావిడ ఒక ముసలాయన్ని కూర్చోబెట్టింది. ఆ స్టేడియంలో ఆట గడియారం నడిపిన మనిషి. కామెంటరీ చెప్పే తాత పక్కనే, ఒకే బల్ల మీద కూర్చునేవాడట. వాళ్ళు ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో రాస్తున్నాను.

ఆ ఆటప్పుడు మంచు తుఫాను వచ్చింది. రెండో పీరియడ్ అయ్యాక స్టేడియం నుంచి రేడియో స్టేషన్‌కు వెళ్ళే టెలిఫోన్ లైను తెగిపోయింది. టేపు తిరిగేది స్టేషన్‌లో కాబట్టి, అక్కడ ఎక్కింది ఉత్త సొర్రే. లైను పోయిందని మనిషి వచ్చి చెప్పాడు. అయినా తాత మైకు వదల్లేదు. పీరియడంతా మాట్లాడాడు. పక్కనున్న మేము తప్ప ఇంకెవరూ ఆ మాటలు వినలేదు అన్నాడు ముసలాయన.

ప్రసాద్ గారు స్వరూప పేజీల్లోంచి కొంత చదివారు. ఒకచోట తాత కామెంటరీ ఆపి, పక్కనున్నవాణ్ణి ఆట పట్టిస్తాడు. ‘చేతులు తర్వాత కాచుకుందువు గానీ, ముందు గడియారం మొదలుపెట్టవయ్యా.’

 అవతల ముసలాయన నవ్వాడు. “అది నన్నే,” అన్నాడు. “చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. గడియారం ఆలస్యంగా నొక్కాను. మీకు ఈ టేపు ఎక్కడిది?”

టేపు లేదన్నాం. ఆయన నమ్మలేదు. నమ్మకుండానే ఇంకో సంగతి చెప్పాడు. పీరియడ్ చివర్లో తాత మైకులో, ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడిగాడట. తెగిన లైనులో ఎవరుంటారని వీళ్ళు నవ్వుకున్నారు. ఆయన ఒక క్షణం చెవి ఒగ్గి, తల ఊపి, సరే అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక అమ్మాయి గొంతు జవాబిచ్చిందని, ఏ భాషో మాత్రం తెలియలేదని చనిపోయేదాకా అంటూనే ఉన్నాడట. మొండితనంకొద్దీ అలా అంటున్నాడనుకున్నారు.

నేను పేజీ తిప్పాను. ‘ఎవరైనా ఉన్నారా?’ అని ఉంది. తర్వాత కొంత విరామం అన్న గుర్తు. తర్వాత ‘సరే.’

స్వరూప కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. ప్రసాద్ గారు స్పీకర్ మ్యూట్ నొక్కారు.

“నేనే సార్,” అందామె. “ఎవలన్న ఉన్నరా అని అడిగిండు. ముసలాయన, పాపం అనిపించింది. ‘ఉన్న తాతా, చెప్పు’ అన్న. ఊకెనే అన్న సార్. టీవీల మాట్లాడెటోళ్ళకు మనం జవాబియ్యమా, అట్ల.”

స్పీకర్లోంచి ముసలాయన పిలుస్తున్నాడు. “హలో? ఉన్నారా?”

మా ముగ్గురిలో ఎవరూ మ్యూట్ తీయలేదు. ఆయన ఇంకో రెండుసార్లు పిలిచాడు. అప్పుడు ప్రసాద్ గారు మ్యూట్ తీసి, మళ్ళీ మాట్లాడతామండీ అని తెలుగులోనే చెప్పి పెట్టేశారు.

తర్వాత లాప్‌టాప్ ముందుకు లాక్కుని పాత కాగితం తెరిచారు. ‘ఊహించి రాశాను’ అన్న మాట కొట్టేశారు. ‘విని రాశాను’ అని పెట్టారు. దేన్ని విని అన్న ప్రశ్న వచ్చింది. అదీ తీసేశారు. “ఏమని రాయమంటారండీ?” అని నన్నడిగారు.

“నేను సంతకం వెట్టాల్నా వద్దా సార్?”

“వద్దులేమ్మా. వెళ్ళి పని చూసుకో.”

ఆమె లేచి సీటుకు వెళ్ళింది. హెడ్‌సెట్ పెట్టుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఇంతటితో తీరిపోయిందా అంటే లేదు. టేపు దాచుకున్నారని కమిటీ మమ్మల్ని సతాయించింది. లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మిగిలిన పని వేరే కంపెనీకి ఇచ్చేశారు. ముందు లేనిది రాశారని మా ఆఫీసు అంది, తర్వాత ఉన్నది దాచారని కమిటీ అంది. ప్రసాద్ గారు ఆ జట్టు పేరెత్తితేనే విసుక్కునేవారు. స్వరూప ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ తర్వాత ఆమె బ్యాంకు ఉత్తరాలు, డాక్టర్ల మాటలు టైపు చేసింది, ఎప్పుడూ ఏ తేడా రాలేదు.

ఆ ఫైలును నేను చాలాసార్లు విన్నాను. శబ్దం పెంచి విన్నాను, తగ్గించి విన్నాను. సిగ్గు విడిచి, ఎవరూ లేనప్పుడు ‘ఉన్నాను’ అని కూడా అన్నాను. సొర్రు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

నా ఉద్యోగంలో సంతకం పెట్టకుండా వదిలేసిన ఫారం అదొక్కటే. ఆ ఫైలులో మాట లేదు, అది నిజం. ఆ అమ్మాయి విన్నది, అదీ నిజమే. ఈ రెండూ ఒకే కాగితం మీద ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.