ఆ పొద్దు ఏం చేస్తా ఉండావు?

నిన్న సాయంత్రం మా చిన్నది పలకమీద ఎనిమిది అంకె అడ్డంగా పడుకోబెట్టింది. నేను చూసేలోపే ఉమ్మి రాసి మోచేత్తో తుడిచేసింది. తడిసిన పలక వాసన ముక్కుకు తగిలిందో లేదో, నాకు నోట్లో నీళ్లూరాయి. దాన్ని కడుపున మోసిన రోజుల్లో నేను బలపాలు తినేదాన్ని. పలకలు తయారయ్యే మార్కాపురంలో కాపురం, బడిలో టీచరు ఉద్యోగం, చెయ్యి చాపితే బలపం, ఇంక అడ్డేముంది? ఆ వాసన వెంటే ఎప్పటిలాగే రూతమ్మత్త గుర్తొచ్చింది. నా కూతురు ఇవాళ పలక తుడుస్తోందంటే దానికి కారణం ఆమే.

రూతమ్మ గిద్దలూరు దగ్గర మా పుట్టింటి ఊళ్లో ఏఎన్ఎం. ఊరందరికీ నర్సమ్మ. మా ఇల్లు ఆమె సబ్‌సెంటరుకు ఎదురుగా ఉండేది కాబట్టి నాకు అత్త. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్లమీదే గర్భిణుల్ని నిలబెట్టి, తన ఎదురుగా ఐరన్ మాత్ర మింగితే గానీ కదలనిచ్చేది కాదు. కడుపుతో ఉన్నామని ఎవరైనా వస్తే ఆమె తేదీ అడిగేది కాదు. "చివరిసారి బయట చేరింది ఎప్పుడు? కంది కోతల ముందా, తర్వాతా? మీ ఆయన గొర్రెల్ని అడివికి తోలినాడా అప్పటికి? ఆ పొద్దు ఏం చేస్తా ఉండావు?" అని అడిగేది. అదంతా విని, క్యాలెండరు ముందు పెట్టుకుని, ఒక్క రోజు మీద వేలు ఆనించేది. చిన్నప్పుడు కిటికీలోంచి వింటూ నేను నవ్వుకునేదాన్ని. తేదీ తెలియని వాళ్లకు కదా ఈ తంటా అనుకునేదాన్ని.

నేను తేదీలు తెలిసినదాన్ని. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. నెల తప్పగానే ఫోన్లో లెక్కగట్టే యాప్ ఒకటి వేసుకున్నాను. అది అడిగిన చోట తేదీ కొడితే కాన్పు రోజు చెప్పేసింది. ఎంత బరువు పెరగాలో, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో, ఏ పక్కకు తిరిగి పడుకోవాలో అదే చెప్పేది. ఒక వారం బిడ్డ అవకాడో అంత ఉందని చెప్పింది. అవకాడో ఎంతుంటుందో నాకేం తెలుసు? పాపం మా ఆయన్ని కూరగాయల మార్కెట్టంతా తిప్పాను. ఐదో నెల స్కానింగు కాగితంలో కాన్పు తేదీ నాలుగు వారాలు ముందుగా ఉంటే, బిడ్డ వాళ్ల నాన్నలాగా భారీ మనిషి అనుకుని మురిసిపోయి, కాగితం బీరువాలో పెట్టాను. డాక్టరమ్మకు చూపించనన్నా లేదు. ఎనిమిదో నెలలో ప్రయాణం చేయించకూడదని మా వాళ్ల పట్టింపు. ఆ ఎనిమిదో నెల ఎప్పుడు దాటుతుందో కూడా ఫోనే చెప్పింది. దాటిందనగానే అమ్మ వచ్చి నన్ను పుట్టింటికి తీసుకుపోయింది.

మరునాడు పొద్దున్నే సబ్‌సెంటరుకు వెళ్లాం. రూతమ్మత్త ముందు నా పెదవుల మీది తెల్లటి పొడి చూసి, "బలపాలు మానెయ్ పాపా, ఒంట్లో రక్తం లేక తినబుద్ధైతాది," అంది. తర్వాత బల్లమీద పడుకోబెట్టి పొట్టమీద చెయ్యి పెట్టింది. టేపుతో కొలిచింది. మళ్లీ చెయ్యి పెట్టింది.

"ఎన్నో నెల?"

"తొమ్మిది పడింది. ఇంకా ఇరవై రెండు రోజులుంది," అని ఫోను చూపించాను.

"ఎవురు చెప్పినారు?"

"ఫోను చెప్పింది అత్తా."

"ఫోనుకు ఎవురు చెప్పినారు?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. బిడ్డ బాగా తిరుగుతా ఉందా అని అడిగింది. నిన్నటి నుంచి కొంచెం తగ్గింది, ప్రయాణం బడలికేమో అన్నాను. ఆమె చెయ్యి పొట్టమీద అట్లాగే ఉండిపోయింది.

"ఏ తేదీ ఇచ్చినావు దానికి?"

చెప్పాను.

"ఆ పొద్దు ఏం చేస్తా ఉండావు?"

"పరీక్ష పేపర్లు దిద్దుతా ఉండాను. ఆ పొద్దు రావాల్సింది, రాలేదు. అందుకే బాగా గుర్తు."

"రాని పొద్దు ఇచ్చినావా! అది అడిగేది చివరిసారి వచ్చిన పొద్దు గదా పాపా?"

మా ఇంట్లో అమ్మమ్మ దగ్గర్నుంచీ అందరూ నెల తప్పిన రోజు నుంచే వేళ్లు మడుస్తారు. నేనూ అట్లాగే మడిచాను, కాకపోతే ఫోన్లో. అది ఏమడిగిందో సరిగ్గా చదవనే లేదు. "వచ్చిన పొద్దు నాకు గుర్తులేదత్తా," అన్నాను.

"తేదీ వద్దులే. యాడుండావో చెప్పు."

అప్పుడు గుర్తొచ్చింది. వెలిగండ్లలో మా ఆడబిడ్డ గృహప్రవేశం. బయట చేరానని నన్ను గడప తొక్కనివ్వలేదు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి విస్తరి అక్కడికే పంపారు. ఆ ఉక్రోషంలో ఒక్కదాన్నే ఫోటో తీసుకున్నాను. "ఐతే ఆ ఫోటో తియ్యి," అంది రూతమ్మత్త. ఫోటో కింద తేదీ ఉంది, నేనిచ్చిన తేదీకి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజుల ముందు. ఆమె సొరుగులోంచి అరిగిపోయిన అట్ట చక్రం తీసింది. ట్రైనింగులో ఇచ్చిందట, తిప్పితే వారాలు, కాన్పు తేదీ చూపిస్తుంది. తను చక్రం తిప్పుతూ, "నువ్వు గూడా దాంట్లో కొట్టు," అంది. అట్ట చక్రమూ ఫోనూ ఒకే మాట చెప్పాయి. గడువు దాటి ఆరు రోజులు. ఫోన్లో రంగు కాగితాలు రాలుతూ, మీ బిడ్డకు స్వాగతం అని వచ్చింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె బిడ్డ గుండె చప్పుడు వింది. "కొట్టుకుంటా ఉంది. లెయ్, పోదాం," అంది. ఒక్క మాట తిట్టలేదు. అంబులెన్సులో మార్కాపురం దాకా నా పక్కనే కూర్చుని పొట్టమీద చెయ్యి తియ్యలేదు. కంభం దాటాక ఒకసారి బిడ్డ కదిలింది. "సూసినావా, మనతో మాట్లాడతా ఉంది," అంది.

ఆపరేషన్ చేసి తీశారు. ఉమ్మనీరు పచ్చబడింది. ఎక్కువసేపు నీళ్లలో నానిన చేతిలాగా బిడ్డ ఒళ్లంతా ముడతలు. పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపు నేను మొక్కని దేవుడు లేడు. తర్వాత ఏడ్చింది, ఇప్పటికీ అదే గొంతు, ఎనిమిది రాయమంటే చాలు.

పుట్టింటికి తిరిగొచ్చాక మళ్లీ ఫోనే నాకు దిక్కైంది. బరువును బట్టి పాలెన్ని, నిద్ర ఎన్ని గంటలు, ఏ నెలలో ఏం చెయ్యాలి. లెక్కకంటే అరగంట తక్కువ పడుకుందని ఒకరోజు కూర్చుని దిగులుపడుతుంటే రూతమ్మత్త వచ్చింది. "పొద్దున్నించి ఎన్ని గుడ్డలు తడిపింది?" అని అడిగింది. ఏడు అన్నాను. "ఐతే పాలు సాలుతుండాయి. ఫోన్ చూడు, కాదన్ను. బిడ్డను గూడా చూడు."

ఆ రోజే అడిగాను, అంత పొరపాటు చేస్తే నన్నెందుకు తిట్టలేదని. గుడ్డలు మడతపెడుతూ చెప్పింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకామె నాలాగే రాని పొద్దు చెప్పిందట. "నేను చక్రం తిప్పినా. సరిగ్గానే తిప్పినా పాపా. ఇంకా టైముంది పొమ్మన్నా. అడగలా." ఆ బిడ్డ దక్కలేదు. "ఆమె నన్ను ఒక్క మాట అనలా. నేను నిన్నేమంటా?"

చిన్నప్పుడు కిటికీలోంచి విని నవ్విన ప్రశ్న ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. ఒకసారి అడగనందుకు, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషినీ వదలకుండా అడిగింది. ఉద్యోగం దిగిపోయేదాకా అడిగింది. అంత పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

మొన్న మా బడిలో కొత్త టీచరు షబానా తన ఫోను చూపించి, "ఇంకా ఆరు వారాలక్కా," అని సంబరంగా చెప్పింది. ఏ తేదీ ఇచ్చినావని అడిగాను. "నాకు తెల్దా అక్కా, చదువుకున్నదాన్ని!" అని నవ్వింది. నేను సుద్దముక్క కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ పొద్దు ఏం చేస్తా ఉండావో చెప్పమన్నాను. వాళ్ల తమ్ముడి నిశ్చితార్థమని, మెహందీ పెట్టుకుంటుంటే కడుపునొప్పి వచ్చిందని చెప్పింది. ఫోటో కూడా తీసి చూపించింది. ఆమె ఇచ్చిన తేదీ సరైనదే.

అయినా రేపు ఇంకెవరొచ్చినా ఇదే అడుగుతాను.