బావమరిదిని దుకాణంలో వదిలేసి వచ్చినా

ముందు మీరు చెప్పండి. మొన్న శుక్రవారం పొద్దున మార్కాపురం బజార్లో మీరేం చూసినారు? ఒక తెల్లమీసాల మనిషి, చంకకొక నల్లపెట్టె ఇరికించుకుని, ఎలక్షన్ గెలిచినోడి మాదిరి ఛాతీ విరుచుకుని పోతుంటే చూసినారా? అదే మనిషి రెండు గంటలు తిరక్కముందే ఒకే పెట్టెతో, అదే దారిన, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పెళ్లాం చెప్పు వేసుకుని ఉరకడం కూడా చూసినారా? చూసి నవ్వే ఉంటారు. నవ్వండి, తప్పులేదు. అది నేనే!

సంగతి మొదటినుంచీ చెప్తా.

మా ఇంటామె నాగరత్నమ్మకు కంటి ఆపరేషన్ అయి మూడు వారాలు. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. పొయ్యి దగ్గరికి పోవద్దు. టీవీ చూడొద్దు. ఏడవొద్దు. మొదటి రెండూ మా ఆమె చేతిలో పనులు. మూడోది నా నెత్తిన పడింది. ఎందుకంటే ఈ ఆపరేషన్ వల్ల ఆమె ఈ ఏడు పుట్టినూరి తిరునాళ్లకు పోలేకపోయింది. పెళ్లయిన కాడ్నుంచి ఒక్క ఏడాది తప్పలేదు.

ఆ ఊరు కొనకనమిట్ల దగ్గర. అక్కడ ఆమె తమ్ముడు వెంకటేశులు చెక్కభజన గురువు. మామూలు రోజుల్లో గొర్రెలు మేపుకుంటాడు. తిరునాళ్లలో మాత్రం గజ్జె కట్టి, చేతిలో చెక్కలు పట్టుకుని గొంతెత్తినాడంటే చుట్టుపక్కల నాలుగూళ్లు నిలబడాల్సిందే. ఈసారి అక్కడ మైకుసెట్టు పెట్టింది మా పక్కింటి ఖాసిం. ఆమె రాలేదని తెలిసి, భజన మొత్తం రికార్డు చేసి నా ఫోన్‌కు పంపినాడు.

ఆమె నల్లద్దాలు పెట్టుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఏమయ్యా, గులకరాళ్లు డబ్బాలో పోసి ఊపినట్టుందే! ఇందులో మా తమ్ముడు యాడున్నాడు?"

"ఉన్నాడు, సరిగ్గా విను."

"వాడి గొంతు ఇట్ల ఉండదు. వానికి ఒంట్లో బాగుందా? ఏడవకూడదని చెప్పినారని నా దగ్గర ఏదన్నా దాస్తున్నారా?"

"బాగున్నాడే తల్లీ! ఫోన్లో అట్లనే వినపడతాది."

"అయితే బాగా వినపడేది తెచ్చి వినిపించు. అప్పుడు నమ్ముతా."

ఆమె చెవి సంగతి మీకు తెలియదు. ఇరవై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలో ఏరుడు పని చేసింది. పలకను వేలి గణుపుతో ఒకసారి తట్టి, మోతను బట్టి పగులు యాడుందో చెప్పేది. కంటికి కనపడని పగులు! నేను దారిపక్క ఒక చిన్న బ్లూటూత్ డబ్బా కొనుక్కొని పోతే, పాట మొదలైనాక అర నిమిషానికి, "దీని గొంతు చిట్లింది, ఇచ్చేసి రా" అన్నది. ఇంకోటి తెస్తే, "ఇది ముక్కుతో పాడతా ఉంది" అన్నది. ఆ రోజునుంచి అన్నం కూడా సగమే తింటా ఉంది. కళ్లు మూసుకుని గోడకానుకుని కూర్చుంటది. 

ఖాసింను అడిగినా.

"అన్నా, నీకు పెద్ద సెట్టు అక్కర్లేదు. మీ ముందు రూముకు రెండు చిన్న యాక్టివ్ స్పీకర్లు చాలు. ఆంప్లిఫయర్ లోపలే ఉంటది. వేరే కొనే పనిలేదు, ఖర్చు కలిసొస్తది. నేను దొనకొండలో పెళ్లి ముగించుకుని ఎల్లుండి వస్తా, కలిసి పోదాం."

"ఎల్లుండి దాకా ఆమె ఆగాల కదరా!"

"అయితే నువ్వే పో. పాట పెట్టించుకుని విను. గొంతు, మోత రెండూ స్పష్టంగా ఉంటే తీసుకో. ఒక్క మాట అన్నా. దుకాణంలో కోపం చేయబాక."

వానికి నా సంగతి తెలుసు. నేను పదకొండేళ్లప్పుడు పలకల గనిలోకి దిగినోడ్ని. కూలి దగ్గర మోసం చూసినా, లెక్క దగ్గర మోసం చూసినా. కట్టకు పైన రెండు, కింద రెండు మంచి పలకలు పెట్టి, మధ్యలో పగిలినవి దోపే సేట్లను చూసినా. నిలబడి అరవకపోతే మాకు న్యాయం ఎప్పుడన్నా దొరికిందా? ఆ అరుపు నా ఒంట్లో ఇంకిపోయింది. ఏం చేయమంటారు!

శుక్రవారం పొద్దున్నే పోయినా. దుకాణం శ్రీరాములుది. నలభై ఏండ్ల మనిషి, నిదానస్తుడు. మూడు జతలు ముందు పెట్టినాడు.

మొదటి జత ఆన్ చేసినాడు. ధబ్ ధబ్ ధబ్! అద్దాల బీరువా వణికింది. పాడే ఆమె పిండిమర లోపల కూర్చున్నట్టుంది. "వద్దు" అన్నా. రెండో జతలో చప్పుడు సన్నం, చెవిలో సూదులు గుచ్చినట్టు. "వద్దు." మూడో జత చిన్నవి. చెక్క పెట్టెలు, రెండు ఇటుకలు నిలబెట్టినంత ఉంటాయి. పాట పెడితే చూడండీ... మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుంది! గొంతు గొంతే, తబలా తబలానే. ధర కూడా నా చేతికి అందేదే. నాకు కళ్లల్లో నీళ్లొచ్చినాయి.

"ఇవే! కట్టు!"

అక్కడితో ఊరుకుని ఉంటే నా బతుకు బాగుండేది.

అలవాటు కదా, ఒక పెట్టె ఎత్తి చూసినా. బరువుగా ఉంది, బాగుంది. రెండోది ఎత్తినా. చెయ్యి గాల్లోకి లేచింది! తట్టినా. మొదటిది 'దబ్' మన్నది. రెండోది 'డంగ్' మన్నది. తిప్పి చూస్తే మొదటిదాని వెనక కరెంటు వైరు, తిప్పుకునే బిరడాలు, ఏవేవో రంధ్రాలు. రెండోదాని వీపు నున్నగా ఉంది, వైరు తగిలించే చోటు తప్ప ఏమీ లేదు.

నా రక్తం కుతకుత ఉడికింది.

"ఏమయ్యా శ్రీరాములూ! ఒకదాంట్లో సరుకు పెట్టి ఇంకోటి ఖాళీ డబ్బా ఇస్తావా?"

"ఖాళీ కాదు పెద్దాయనా. మిషనంతా కుడిదాంట్లోనే ఉంటది. ఎడమదానికి అక్కడినుంచే వైరు పోతది. ఒకటి ఇంజను, ఇంకోటి పెట్టె. రైలుకు రెండు ఇంజన్లు పెడతారా?"

"పెడతారు! గూడ్సు బండికి పెడతారు! దొనకొండ స్టేషన్లో నా కళ్లతో చూసినా!"

దుకాణంలో అందరూ నవ్వినారు. నాకు ఇంకా ఊపొచ్చింది. కట్టల్లో పగిలిన పలకల కథ మొత్తం చెప్పినా. రాచర్ల నుంచి మిక్సీ కొనేదానికి వచ్చిన ఒకాయన ముందుకొచ్చి, రెండు పెట్టెలూ చెరొక చేతిలో తూచి, "పెద్దాయన చెప్పేది నిజమే. తేడా ఉంది" అని తీర్పు చెప్పినాడు. ఆయన తర్వాత ఇంకొకాయన. తర్వాత దారిన పోయే ఆమె సంచి కింద పెట్టి మరీ వచ్చింది. ఎత్తినోళ్లంతా తల ఊపేవాళ్లే. ఆ రాచర్ల ఆయనైతే తన మిక్సీ జార్లు మూడూ ఒకే బరువు ఉండాల్సిందేనని పట్టుబట్టినాడు!

శ్రీరాములు లోపలికి పోయినాడు. ఇంకో కొత్త జత ఉన్న అట్టపెట్టె విప్పి, అందులోని బరువైనది కూడా తీసి నా ముందు పెట్టినాడు.

"తీసుకో పెద్దాయనా, రెండూ బరువైనవే. ఈ తేలికవి రెండూ పక్కన పెడతా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ఆ రెంటికీ మధ్య వైరు కలపబాక, కాలిపోతాయి. నువ్వెట్లనూ సాయంత్రం లోపల వస్తావు."

"నేనా? నేను రాను!"

ఆ ఛాతీ విరుచుడు అప్పటిదే.

ఇంటికి పోయినా. "దొరికినాయా?" అన్నది మా ఆమె.

"దొరకడమా! గెలుచుకుని తెచ్చినా!"

రెండింటికీ రెండు ప్లగ్గులు. టేబులు ఫ్యాను పీకేసి పెట్టినా. ఫోన్లో చూస్తే ఒకే పేరు రెండుసార్లు కనపడతా ఉంది. మొదటి పేరు నొక్కితే ఈ స్పీకర్ పలికింది, అది మూగబోయింది. రెండో పేరు నొక్కితే అది పలికింది, ఇది మూగబోయింది. అత్తాకోడళ్ల మాదిరి, ఒకరు మాట్లాడితే ఇంకొకరు మాట్లాడరు! సరే, ఒకటైనా పలికింది కదా అని దాన్ని ఆమె దగ్గరికి జరిపి, భజన పెట్టినా.

చెక్కలు మోగినాయి. ఎంత బాగా మోగినాయంటే, ఏ చెక్క ఎవరి చేతిలో ఉందో చెప్పొచ్చు. గజ్జెలు, నేలమీద అడుగులు, వంతపాట, ఒక్కటీ తప్పిపోలేదు. ఆమె మొహం వికసించింది. నేను మీసం దువ్వుకున్నా.

ఆమె మొహం మెల్లగా మారింది.

"ఏమయ్యా..."

"ఊఁ?"

"వాళ్లు వంత పాడుతున్నారు. పాడేవాడేడి?"

విన్నా. నిజమే! వంతపాట వస్తది, ఆగుతది. తమ్ముడు అందుకోవాల్సిన చోట ఖాళీ. యాడో బావి అడుగునుంచి వచ్చినట్టు ఏదో గొంతు, అంతే. మళ్లీ వంతపాట. గురువు లేని భజన!

"మా తమ్ముడు లేడు," అన్నది. "ఈసారి వాడు పాడలేదు. నాకు చెప్పకుండా దాచినారు. వాడికేమైంది? చెప్పు!"

"ఏడవబాక! కన్ను! కన్నే!"

"నేను ఏడవట్లేదు, నువ్వు అరవబాక! వానికి ఫోన్ చెయ్!"

చేసినా. అందుబాటులో లేదు. మళ్లీ చేసినా. అదే మాట. గొర్రెల వెంట గుట్టల్లోకి పోతే వానికి సిగ్నల్ ఉండదని నాకు తెలుసు, పదేండ్లనుంచి తెలుసు. అయినా ఆ నిమిషంలో నాకూ అనుమానం పట్టుకుంది. తిరునాళ్ల తర్వాత వానితో నేను మాట్లాడినానా? మాట్లాడలేదు! నిజంగా ఏమన్నా అయిందా? నా దగ్గర కూడా దాస్తున్నారా? ఇంట్లో అల్లుకున్న భయం ఎట్ల ఉంటదో తెలుసు కదా. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగబట్టుకుని, ఏడుపును లోపలే నొక్కుకుంటా ఉంది. మూడు వారాలు కాపాడిన కన్ను! 

ఖాసింకు ఫోన్ చేసినా. వెనక బ్యాండు మేళం.

"ఖాసిం! వెంకటేశులు ఆ రోజు పాడినాడా లేదా? నిజం చెప్పు!"

"పాడినాడన్నా! నేనే మైకు పెట్టినా. ఏమైంది?"

"స్పీకర్లో వాడి గొంతు లేదు! చెక్కలున్నాయి, వంత ఉంది, వాడు లేడు!"

"రెండు స్పీకర్లూ పలుకుతున్నాయా?"

"ఒకటే పలుకుతా ఉంది."

"రెండోదానికి వైరు తగిలించలేదా?"

"దానికీ కరెంటు ప్లగ్గే ఉంది. రెండూ బరువైనవే తెచ్చినా!"

బ్యాండు మేళాన్ని మించి వినపడింది ఖాసిం నవ్వు. నవ్వంటే నవ్వా! పెళ్లోళ్లు వచ్చి ఏమైందని అడుగుతున్నారు వాడిని.

"అన్నా! రెండూ కుడివే తెచ్చినావు! నేను రికార్డు చేసేటప్పుడు వెంకటేశులు మైకు ఎడమకు, చెక్కల మైకు కుడికి పెట్టినా. మీ బావమరిది ఎడమ స్పీకర్లో ఉన్నాడు! అదేడ?"

అది శ్రీరాములు దుకాణంలో ఉంది. పగిలిన సరుకని పదిమంది ముందు నేను నెట్టేసి వచ్చిన తేలిక డబ్బాలో, గజ్జె కట్టుకుని, మా బావమరిది కూర్చుని ఉన్నాడు!

"నాగరత్నా! నీ తమ్ముడు బాగున్నాడు! పది నిమిషాల్లో తెస్తా!" అని ఒక పెట్టె చంకన పెట్టుకుని ఉరికినా. చెప్పుల సంగతి మీరు చూసిందే.

శ్రీరాములు ఆ తేలికదాన్ని బల్లమీద సిద్ధంగా పెట్టి, పైన తువ్వాలు కప్పి కూర్చున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తువ్వాలు తీసి, "బరువు చూసుకుంటావా పెద్దాయనా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది! తల దించుకుని తెచ్చుకున్నా.

వైరు తగిలించినా. పాట పెట్టినా. కుడిపక్క చెక్కలు, ఎడమపక్కనుంచి వెంకటేశులు గొంతెత్తినాడు. గదిలోకి నడిచొచ్చినట్టే వచ్చినాడు! ఆమె కూర్చున్నచోటే ఎడమకు తిరిగి, చెయ్యి చాపింది, అక్కడ మనిషి ఉన్నట్టు. నేను ఆమె కన్నే చూస్తా నిలబడినా.

"వానికి కొంచెం జలుబు చేసింది," అన్నది చివరకు. "అంతే. ఇంకేం లేదు. అన్నం పెట్టు."

రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. పొద్దుగూకే వేళ వెంకటేశులే ఫోన్ చేసినాడు, గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చి. నిజంగానే జలుబంట! అక్కా తమ్ముడు గంట మాట్లాడుకున్నారు.

ఇంతవరకు బాగుంది. దుకాణంలో జరిగిన గొడవ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. వైరు మరిచిపోయినా అని మాత్రం చెప్పినా. నిన్న పొద్దున ఆమె పాట వింటా వింటా అన్నది:

"ఇంత మంచి సరుకిచ్చినాయన చేతికి మొక్కాల. మా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చినాడు. వచ్చే ఆదివారం అన్నానికి పిలిచినా."

"ఎవర్ని?"

"ఆ శ్రీరాములునే. నెంబరు బిల్లు మీద ఉందని పక్కింటామె చదివి చెప్పింది. మా ఆయన బేరం ఎట్ల చేసినాడు నాయనా అని అడిగితే, ఒకటే నవ్వు! 'వస్తానమ్మా, తప్పకుండా వస్తా. అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన కథ' అన్నాడు. మంచి మనిషిలాగున్నాడు. మా తమ్ముణ్ణి కూడా రమ్మన్నా."

డాక్టరమ్మ ఏడవొద్దని చెప్పింది గానీ, పగలబడి నవ్వొచ్చా అని నేను అడగలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, ఆదివారం నేను ఇంట్లో కూర్చుని వడ్డించాలా, పొద్దున్నే రాచర్ల ఆటో ఎక్కాలా?