రెండు సైలెన్సర్ల బండి

మోకాళ్లు రెండూ మార్చాలని డాక్టరు చెప్పిన వారంలోనే నేను పాత మోటారు సైకిలు కొన్నాను. ఇంట్లో అందరికీ ఇది పిచ్చిపనిగా కనిపించింది. నా లెక్క మాత్రం సూటిగానే ఉంది. ఆపరేషన్ అయ్యాక కిక్కు కొట్టే బండి జోలికి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పోవాలనుకుంటే అంతకు ముందే పోవాలి. అందుకని ఆపరేషన్‌ను కొన్ని నెలలు వెనక్కి జరపమని అడిగాను. ఆయన నా ఎక్స్‌రే వైపు, నా వైపు చూసి, "నొప్పి మీది, మీ ఇష్టం" అన్నాడు.

ఉద్యోగమంతా నాకు భూగర్భ జలాల సర్వేలో గడిచింది. కర్నూలు, కడప జిల్లాల్లో ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెప్పడం నా పని. పడతాయని చెప్పిన ఊళ్ల కంటే పడవని చెప్పిన ఊళ్లే ఎక్కువ. శాఖ ఇచ్చిన బండికి రెండు సైలెన్సర్లు ఉండేవి. కిక్కు రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డు అయ్యేది. వెనక సీటు మీద సర్వే పెట్టె కట్టుకుని తెల్లవారుతూనే బయలుదేరేవాణ్ణి. నీళ్లు పడవని చెప్పాక రైతు ఇంట్లో మజ్జిగ తాగి బయటికి రావడం, వాళ్లంతా అరుగు మీద నుంచి చూస్తుండగా బండి స్టార్టు చేయడం ఎన్నేళ్లయినా అలవాటు కాలేదు. మొదటి కిక్కుకే స్టార్టు కావాలని మనసులో అనుకునేవాణ్ణి. చాలాసార్లు అయ్యేది. ఆ బండి మీద నాకున్న అభిమానానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

అలాంటిదే ఒకటి ఓర్వకల్లు దాటాక ఒక ఊళ్లో పశువుల కొట్టంలో పడి ఉందని తెలిసి చూడటానికి వెళ్లాను. ఎండుగడ్డి మోపుల వెనక ఉంది. ట్యాంకు తుప్పు పట్టింది. సీటు చిరిగి లోపలి స్ప్రింగులు కనిపిస్తున్నాయి. సీటు కింద ఒక కోడి పొదుగుతోంది.

కొట్టం ఆసామి నా కంటే పదేళ్లు చిన్నవాడు. "ఇది నడిచేది కాదు సార్. కోళ్లకు ఇచ్చేసినాం" అన్నాడు.

"ఎవరిది?"

"మా నాయనది. ఆయన పోయినంక ఎవురూ ముట్టుకోలేదు."

"మీరెందుకు నడపలేదు?"

ఆయన గడ్డి పరక ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. "నేను నడిపితే నా తమ్ముడు ఊరుకోడు. వాడు నడిపితే నేను ఊరుకోను. అన్నీ పంచుకున్యాం సార్. చేను, బోరు, ఎద్దులు, ఆఖరుకు నీళ్ల కాగు గూడా. దీన్ని ఎట్ల పంచుకునేది? చక్రం వానికి, చక్రం నాకా?"

తమ్ముడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు. పంపకాల నాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. బండి అమ్మడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను ఎవరికి వారికి విడిగా డబ్బు ఇచ్చాను. అందులో ఇద్దరూ పేచీ పెట్టలేదు. కోడి గుడ్లు పొదగడం అయ్యేదాకా ఆగి బండిని ఆటో ట్రాలీలో కర్నూలుకు తెచ్చుకున్నాను.

ఇంటి ముందు దించుతుంటే నా భార్య గేటు పట్టుకుని నిలబడి చూసింది. "ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగినారా?" అంది.

"బాగుచేయిస్తే పదేళ్లకు గ్యారంటీ."

"మీ మోకాళ్లకే గ్యారంటీ ల్యా. దానికి అడిగొచ్చినారు పాపం."

సర్వేలో ముందు మ్యాపు చూసి, తర్వాతే పొలంలో దిగేవాణ్ణి. ఈ బండి విషయంలో తలకిందులుగా చేశాను. కాగితాలు తర్వాత చూసుకోవచ్చని ముందు బండి విప్పించాను.

వన్‌టౌన్‌లో ఇలాంటి బళ్లు తెలిసిన మెకానిక్కు ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా ఈ మధ్య స్కూటర్లే చేస్తున్నాడు. బండిని చూసి, "దీన్ని లేపాలంటే మనిద్దరం గట్టిగా ఉండాల సార్. నాకు షుగరు, మీకు మోకాళ్లు. షురూ చేద్దామా?" అన్నాడు. పిస్టను బిగుసుకుపోయి కదల్లేదు. కిరసనాయిలు పోసి రోజుల తరబడి నానబెట్టాడు. వదిలినప్పుడు నాకు ఫోను చేసి చెప్పాడు, ఎవరికో కాన్పు అయినట్టు. హైదరాబాదు నుంచి తెప్పించిన కార్బొరేటరు సరిపోలేదు. తిప్పి పంపితే వచ్చిన రెండోదీ సరిపోలేదు. చివరికి పాతదాన్నే శుభ్రం చేసి బిగించాడు. మడ్‌గార్డులకు మెరుగు పెట్టించడానికి బెంగళూరు పంపితే ఒకటే తిరిగి వచ్చింది. రెండోది ఎక్కడ పోయిందో వాళ్లకూ తెలీదు. డైరీలో ఆ నెలలన్నీ ఒకేలా ఉన్నాయి. షాపుకు పోయాను. కుర్చీ వేశారు. కూర్చున్నాను. వచ్చాను.

ఉత్సాహం ఎప్పుడు పోయిందో చెప్పలేను. వేసవి మధ్యలో ఎప్పుడో బండి నాకు ఇష్టమైన వస్తువు కాకుండా పూర్తి చేయాల్సిన పని అయిపోయింది. పనులు పూర్తి చేయడం నాకు అలవాటు. అందుకే చేశాను.

ట్యాంకుకు ముదురు ఎరుపు రంగు వేయించి, సీటు కుట్టించి, ఇంజను బిగించాక కాగితాలు పట్టుకుని రవాణా ఆఫీసుకు వెళ్లాను. రిజిస్ట్రేషను కాలం ఎప్పుడో చెల్లిపోయింది. బండి ఇంకా చనిపోయిన మనిషి పేరు మీదే ఉంది. గుమాస్తా ఓపికగానే చెప్పాడు. ముందు బండి వారసుల్లో ఒకరి పేరు మీదికి మారాలి. తక్కినవాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఆ ఒకరు నాకు అమ్మినట్టు రాయాలి.

"ఇద్దరి పేర్లూ కలిపి రాయకూడదా?"

"ఒక్కరి పేరు మీదే సార్. వారం పది రోజులకే గదా. మళ్లీ మీ పేరు మీదికే వస్తుంది."

ఆ వారం పది రోజుల దగ్గరే అంతా ఆగిపోయింది.

అన్న దగ్గరికి వెళ్లాను. "నా పేరు మీద రాయించు సార్. పెద్దోణ్ణి నేనే గదా" అన్నాడు. తమ్ముడికి ఫోను చేస్తే లారీ చప్పుడులోంచి అరిచాడు. "ఆయప్ప పేరు మీద ఒక్క దినం గూడా ఉండకూడదు సార్! ఉన్న్యాదంటే, నాయన బండి నాకే వచ్చె సూడండ్రా అని ఊరంతా చెప్పుకుంటాడు. నా పేరు మీద పెట్టండి. మర్సట్నాడే మీకు రాసిస్తా."

అన్నకు ఆ మాట చెప్పాను. "వాని పేరు మీదనా? దానికంటే కోళ్లే నయం" అన్నాడు.

మాటలు ఫోనులో తెగవని ఎర్రగుంట్లకు బస్సులో పోయాను. తమ్ముడు మర్యాదస్థుడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర హోటల్లో టీ ఇప్పించాడు. మీ మోకాళ్లతో ఇంత దూరం ఎందుకొచ్చారని బాధపడ్డాడు. బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. సంతకం మాత్రం పెట్టలేదు. వచ్చే దారిలో కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాను. ఎన్నో బోర్లు పడవని చెప్పిన నేల అది. ఇప్పుడు నాకే పడలేదు.

డాక్టరు ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఎడమ మోకాలు రాత్రిళ్లు నిద్ర పోనివ్వడం లేదు. మెకానిక్కు షాపులో బండి కొత్త పెళ్లికొడుకులా గోనెపట్ట కప్పుకుని నిలబడి ఉంది. ఒకరోజు అన్నం తింటూ, అమ్మేస్తానని నా భార్యతో అన్నాను.

"ఎవరి పేరు మీద ఉందని అమ్ముతారు?" అంది.

నేను కంచం ముందుకు జరిపాను. ఆమె మజ్జిగ పోస్తూ, "ఇన్నాళ్ల నుంచి అన్న ఇట్లన్న్యాడు, తమ్ముడు అట్లన్న్యాడు అని చెప్తాండారు. వాళ్లమ్మ ఉందా, పోయిందా? అడిగినారా?" అంది.

అడగలేదు. ఆమె ఉంది. ఆరు నెలలు అన్న దగ్గర, ఆరు నెలలు తమ్ముడి దగ్గర. నేను ఓర్వకల్లు వైపు పోయినప్పుడు ఆమె ఎర్రగుంట్లలో ఉండింది. నేను ఎర్రగుంట్లకు పోయేసరికి వంతు మారి ఊరికి వచ్చేసింది.

అమ్మ పేరు మీద అనగానే ఇద్దరు కొడుకులూ ఒక్క క్షణం ఆలోచించి, ఒకే మాట అన్నారు. "అమ్మ అయితే సరే." ఎవరి రోజు వాళ్లు వచ్చి, ఎవరి సంతకం వాళ్లు పెట్టి పోయారు. బండి ఆమె పేరు మీదికి మారింది.

అమ్మకం రాయించే రోజున, బండిని ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టరుకు చూపించాల్సి ఉండగా, అన్నదమ్ములిద్దరూ వచ్చారు. రావాల్సిన పని లేదు. అన్న అమ్మను ఆటోలో తీసుకొస్తున్నాడని తెలిసి, ఏం రాయించుకుంటాడోనని తమ్ముడు లారీకి సెలవు పెట్టి వచ్చాడు. ఆమె ఆటోలోనే కూర్చుంది. అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు స్టార్టు చేయమన్నాడు. కుడికాలితో కొట్టాను. పట్టలేదు. మళ్లీ కొట్టాను. కళ్లు బైర్లు కమ్మాయి. మూడోసారికి ఇంజను అందుకుంది. తెల్లటి పొగ ఆవరణంతా కమ్మింది. లైసెన్సుల కోసం వచ్చిన వాళ్లు దగ్గుతూ పక్కకు జరిగారు.

ఆటోలోంచి ఆమె, "అప్పుడూ ఇంతే పొగ" అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వుతూ ఆటో దగ్గరికి పోయాడు. "అవ్వా, ఈ బండి నీదేనా?"

"నాదేనంట నాయనా. కాయితం చెప్తాండాది."

"ఈ సారుకు అమ్ముతాండావా? నీకు ఇష్టమే గదా?"

"ఆఁ."

గుమాస్తా సిరా డబ్బా, కాగితం ఆటోలోకే తెచ్చాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం మీదికి తెచ్చి ఆపింది.

"వెయ్యవ్వా" అన్నాడు గుమాస్తా.

"రవంత సేపు ఉండి ఏస్తా."

"ఏంటికి?"

"ఏంటికీ ల్యా. ఇద్దరూ ఈడ నిలబడుకొని ఉండారు. ఏసేస్తే పోతారు."

గుమాస్తా నా వైపు చూశాడు. నేను సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను.

తమ్ముడు, "మా, నాకు బస్సు పోతాది" అన్నాడు.

"పోతే ఇంగోటి వస్తాది. బస్సులకేం కరువా?" ఆమె వేలు గాలిలోనే పట్టుకుని పెద్దకొడుకు వైపు తిరిగింది. "చెనిక్కాయ పంట ఎట్లుండాదో నీ తమ్మునికి చెప్పు."

అన్న గోడ వైపు చూస్తూ, "వాన ల్యా. పోయిందని చెప్పుమా" అన్నాడు.

"నాకు ఇనపడిందని చెప్పుమా" అన్నాడు తమ్ముడు.

"నీ కూతురు ఏం సదువుతాందో చెప్పు మీ అన్నకు."

"నర్సు కోర్సు అని చెప్పుమా."

అన్న గోడ మీద నుంచి చూపు తిప్పాడు. "యాడ?" అన్నాడు.

తమ్ముడు అమ్మ వైపే చూస్తూ, "కడపలో" అన్నాడు. అమ్మతో చెప్పమనలేదు. అన్న తల ఊపాడు. అంతకు మించి జరగలేదు. ఆమె మళ్లీ ఏదో అడిగింది, ఇద్దరూ రోడ్డు వైపు తిరిగారు. ఆటో డ్రైవరు టీ తాగి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు వేరే బండి చూడటానికి పోయాడు.

నేను ఒక్క మాట అంటే ఆమె వేసేసేది. ఎన్ని నెలలు ఆ ముద్ర కోసం తిరిగానో నాకు తెలుసు. కాలు మంటగా ఉంది. భోజనానికి ఆఫీసు మూసే వేళ అవుతోంది. అయినా అనలేకపోయాను. ఇది కాదంటే ఆమెకు చూపించడానికి నా దగ్గర నీళ్లు పడే వేరే చోటు ఏదీ లేదు.

గుమాస్తా తలుపు మూయడానికి లేచాడు. ఆమె అది చూసింది. "పట్టప్పా" అని కాగితం అందుకుని వేలు గట్టిగా ఒత్తింది. అప్పటికి సిరా ఆరిపోయి గీతలు సరిగా పడలేదు. మళ్లీ అద్ది వేయించారు. మిగిలిన సిరాను చీర కొంగుకు తుడుచుకుంది.

తమ్ముడు, "పోయొస్తా మా" అని ఆమెకు చెప్పి, నాకు ఒక దండం పెట్టి బస్టాండు వైపు నడిచాడు. అన్న వెనక్కి చూడలేదు. ఆటో ఎక్కి అమ్మ పక్కన కూర్చున్నాడు.

నేను అనుకున్నట్టే నంద్యాల రోడ్డు పట్టాను. ఇన్ని నెలలుగా ఆ రోడ్డునే తలుచుకుంటూ ఉన్నాను. ఎండ బాగా ఉంది. చేతులకు అదురు అందుతోంది, భుజాలు పట్టేశాయి. సంతోషం వస్తుందని ఎదురుచూశాను. వచ్చినట్టే ఉంది, కానీ దాన్ని పట్టుకునే ఓపిక లేదు.

ఓర్వకల్లు రాళ్ల గుట్టలు కనిపించే చోట వాళ్ల ఆటో ముందు పోతూ కనిపించింది. అన్న తల బయటపెట్టి దాటిపొమ్మని చెయ్యి ఊపాడు. దాటలేదు. వెనకే, అదే వేగంలో పోయాను. ఆటో వెనక అద్దంలోంచి ఆమె ముఖం సగం కనిపించింది. బండి చప్పుడు ఆమెకు వినిపించేలా వీలైనంత దూరం అలాగే పోదామనుకున్నాను. వాళ్ల ఊరి మలుపు దగ్గర ఆటో మట్టి రోడ్డులోకి తిరిగింది. దుమ్ము అణిగేదాకా నిలబడి, బండిని కర్నూలు వైపు తిప్పుకున్నాను.