పుష్ప పట్టుకున్న పెన్‌డ్రైవ్

మక్తల్‌లో మైకుసెట్లు కిరాయికిచ్చే పుష్ప, పాడైన స్పీకర్లు విప్పి చూస్తూనే పని నేర్చుకుంది. ఆ రోజు కోలాటం పోటీలో శోభ బృందం వంతు వచ్చేసరికి, వాళ్ల పాటున్న పెన్‌డ్రైవ్ పలకలేదు. పుష్ప దాన్ని తుడిచి ఇంకో స్పీకరుకు పెట్టింది, లాప్‌టాప్‌కూ పెట్టింది. లాభం లేకపోయింది.

"ఇగ పాయె అక్కా! ఆర్నెల్ల సంది నేర్చుకున్నం," అంది శోభ ఏడుపు గొంతుతో.

"జర ఆగు చెల్లె!" అంటూ పుష్ప దాన్ని వేలితో కదిపింది. లాప్‌టాప్‌కు గుచ్చిన చోట దాని మెడ వదులుగా ఉంది. కొంచెం పైకెత్తి పట్టగానే పెన్‌డ్రైవ్ ఎర్ర లైటు వెలిగింది! ఊపిరి బిగబట్టి, వేలు కదలనీయకుండా పాటను లాప్‌టాప్‌లోకి ఎక్కించింది.

"వచ్చిందే! కోలలు అందుకోండ్రి!"

మైకులో పాట మోగింది. పుష్ప ఉండబట్టలేక తనూ ఎగిరి చప్పట్లు కొట్టింది.