ఎర్ర టేపు ఊడదీసిన ఆదివారం

నేను రిటైరయ్యే ముందటి ఏడు, ఎండాకాలం చివర్లో, చార్మినార్ వెనక గల్లీలో ఉన్న ఒక ఇంటి గోడను నెలకొకసారి చొప్పున నాలుగుసార్లు ఫొటో తీయమని నాకు ఆర్డర్ వచ్చింది. కట్టడాల పటిష్ఠతను పరీక్షించే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో నేను అప్పుడు సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. సీనియర్ అన్న మాటే గాని మా సెక్షన్‌లో జూనియర్ అంటూ ఎవడూ లేడు. ఒంగిన స్తంభాలు, పగిలిన స్లాబులు, పొట్ట ఉబ్బిన ప్రహరీలు, ఇవే నా సర్వీసంతా నేను తీసిన ఫొటోలు. వాటిని చూసి ఎవరూ బాగుందనలేదు. అనాల్సిన అవసరమూ లేదు. ఇంజనీరు వాటి మీద స్కేలు పెట్టి కొలవగలిగితే చాలు, నా పని అయినట్టే.

ఆ ఇల్లు సత్తెమ్మది. భర్త పోయాక ముందు గదిలో పూలకొట్టు పెట్టుకుని బతుకుతోంది. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి బంతి, చేమంతి, మల్లె తెచ్చి, కొట్లోనే కూర్చుని దండలు కట్టి మూరల లెక్కన అమ్మేది. పక్క జాగాలో ఎవరో బిల్డర్ పెద్ద కాంప్లెక్స్ మొదలుపెట్టి, సెల్లార్ కోసం ఆమె వెనక గోడను ఒరుసుకుంటూ లోతుగా గుంత తవ్వించాడు. అప్పటినుంచి గోడ బీటలు వారుతోందని ఆమె దరఖాస్తు ఇచ్చింది. బీటలు పాతవి, ఇల్లే కూలడానికి సిద్ధంగా ఉందని బిల్డర్ వాదన. బీట పెరుగుతోందో లేదో తెలియడానికి దానికి అడ్డంగా అతికించిన గాజు పట్టీ పగిలితే, దాన్ని ఆమే చేత్తో పగలగొట్టిందని బిల్డర్ మనుషులన్నారు. దాంతో ఒక కమిటీ వేసి, తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే పెట్టారు: గోడ గుంత వైపు జరుగుతోందా, లేదా? జరుగుతుంటే తవ్వకం ఆపించి బిల్డర్ ఖర్చుతో గోడకు ఆసరా కట్టిస్తారు. లేదంటే ఇల్లు శిథిల భవనాల జాబితాలో చేరుతుంది. అంటే ఖాళీ చేయించి కూల్చేస్తారు.

ఈ పనికి నేను తీసుకెళ్లింది చిన్న కెమెరా. ముక్కలు ముక్కలుగా వచ్చే రకం అది. పిడికిట్లో పట్టే పెట్టె లాంటి బాడీ ఒకటి, పైన తగిలించుకుని కన్ను పెట్టి చూసే భాగం ఇంకొకటి, పక్కన పట్టుకునే పిడి మరొకటి. ఏది అవసరమైతే అది బిగించుకోవచ్చు. దాని ముందు నేను పెట్టింది మాత్రం ముప్ఫై నలభై ఏళ్ల కిందటి లెన్స్. ఆ లెన్స్‌లో మోటారు లేదు, కరెంటు లేదు. దాని చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి. కొత్త లెన్సులు తమంతట తామే సర్దుకుంటాయి, అదే వాటితో వచ్చే చిక్కు. నా పనికి సర్దుకోని లెన్స్ కావాలి.

కెమెరాను చూడగానే సత్తెమ్మ మొహం వాడిపోయింది.

"గిదేందన్నా, గింత డబ్బా తెచ్చినవ్? మా చెల్లె పెండ్లిల ఫొటోలు తీసినాయన మెడల గుండ్రాయంత కెమెరా ఉండె. గీ డబ్బాతోని నా ఇల్లు నిలవడ్తదా?"

"పెండ్లిల మనుషులు కదుల్తరు సత్తెమ్మా. ఈడ గోడ కదుల్తుందా లేదా చూడాలె. గీ పనికి ఇదే మంచిది."

"కదుల్తుందన్నా. నా మంచం గోడకానిచ్చే ఉంటది. గిప్పుడు చెయ్యి పట్టేంత సందు పడ్డది. రా, జూపిస్త."

చూపించింది. నిజమే, సందు ఉంది. కానీ కమిటీలు మంచాలను కొలవవు.

ఏం చేశానో చెబుతాను. గుంతకు దూరంగా, వీధి వైపున్న గోడకు ఒక ఇనుప పట్టీని సిమెంటుతో బిగించి కెమెరాను దానికి కూర్చోబెట్టాను. వెనక గోడ మీద నలుపు తెలుపు గుర్తులు అతికించాను. ఫోకస్ కుదిరాక రింగు మీదా, దాన్ని ఆనుకుని ఉన్న లెన్స్ గొట్టం మీదా కలిసేలా సన్నగా ఒక పెన్సిల్ గీత గీసి, దానిమీద ఎర్ర టేపు గట్టిగా చుట్టేశాను. ఇక ఆ రింగు తిరగకూడదు. గోడ జరిగి కెమెరాకు దూరమైతే ఫొటోలో గుర్తులు ఒకదానికొకటి వెంట్రుకవాసి దగ్గరవుతాయి. కానీ రింగు తిరిగినా అచ్చం అలాగే అవుతుంది. రింగు కదలలేదంటేనే గోడ కదిలిందని చెప్పగలం. ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఆ టేపే.

రెండోసారి, మూడోసారి తీసినప్పుడు గుర్తులు దగ్గరయ్యాయి, కానీ చాలా కొద్దిగా. ఇంజనీర్లు తల గోక్కున్నారు. ఈలోగా వానలు ముదిరాయి, గుంతలో నీళ్లు నిలిచాయి. జరిగేదుంటే ఇప్పుడే జరుగుతుంది కాబట్టి నాలుగో ఫొటోతో తేలిపోతుందని అందరం అనుకున్నాం.

ఇక మా డిప్యూటీ డైరెక్టర్ ప్రభాకర్ గారి సంగతి. మా ల్యాబ్‌లో రెండో స్థానం ఆయనది, కమిటీలోనూ సభ్యుడే. మంచి ఇంజనీరు, అందులో అబద్ధం లేదు. కెమెరాలంటే ఆయనకు పిచ్చి. ఆదివారం పొద్దున నయాపూల్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో ఆయనలాంటివాళ్లు కొందరు కలిసేవారు. ఒకసారి నన్నూ రమ్మన్నారు, వెళ్లాను. టేబుల్ మీద చాయ్ కప్పులకు చోటు లేకుండా లెన్సులు పరిచారు. ముక్కలుగా విడిపోయే ఈ చిన్న కెమెరాలు కొనొచ్చా, పెద్దవే నయమా అని లొల్లి. పాత గాజులో ఉన్న రంగు కొత్త గాజులో వస్తుందా అని ఇంకో లొల్లి. వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టాలా, బల్బు వేసిన పెట్టెలో పెట్టాలా అని ఒక పూటంతా వాదించుకున్నారు. ముత్యాల వ్యాపారి మహేశ్ ఒక పాత లెన్స్ రింగు తిప్పుతూ కళ్లు మూసుకుని, "క్యా బాత్ హై సార్! మలాయి లెక్క పోతుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉండింది. ఆరోజు ప్రభాకర్ గారు వాళ్లకు ఒక విషయం చాలా చక్కగా విడమరిచి చెప్పారు. ఫోకస్ రింగు తిప్పితే బొమ్మ సైజు కూడా కొద్దిగా మారుతుందని, మంచి లెన్సులో అది తక్కువగా ఉంటుందని. ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన తెలియక చేశారని రేపు ఎవరూ అనకూడదు.

నాలుగో ఫొటోకు ముందు నాకు జ్వరం వచ్చి కొన్నాళ్లు సెలవు పెట్టాను. ఫొటో తీసిన ప్రతిసారీ కెమెరాను పట్టీ నుంచి విప్పి, లెన్సుతో సహా ఆఫీసు బీరువాలో పెట్టేవాణ్ని. ఆ బీరువాకు రెండో తాళం చెవి రూల్ ప్రకారం ఆయన దగ్గర ఉంటుంది. సోమవారం డ్యూటీలో చేరి బీరువా తీశాను. లెన్స్ పెట్టిన చోటే ఉంది. తళతళా మెరుస్తోంది. ఎర్ర టేపు లేదు.

వేలు పెడితే రింగు సాఫీగా తిరిగింది, మలాయిలాగే. టేపు కింద గీసుకున్న పెన్సిల్ గీత కోసం వెతికాను. స్పిరిట్‌తో తుడిచేశారు, ఆనవాలు కూడా లేదు.

ప్రభాకర్ గారి గదిలోకి వెళితే ఆయన నవ్వుతూ కుర్చీ చూపించారు.

"చూశారా నర్సింగరావు గారూ? టేపు జిగురంతా కారి అసహ్యంగా ఉండింది. నిన్న మావాళ్లకు చూపిద్దామని తీసుకెళ్లాను. మహేశ్ దగ్గరుండి క్లీన్ చేయించాడు. ఎంత స్మూత్‌గా తిరుగుతుందో చూడండి."

"సార్, అది సత్తెమ్మ కేసు లెన్స్."

"తెలుసు. మళ్లీ అక్కడే సెట్ చేయండి."

"ఎక్కడ సార్? గీత కూడా తుడిచేశారు."

ఆయన మొహంలో నవ్వు పోయింది. అర్థమైంది ఆయనకు. నాకంటే బాగా అర్థమైంది. బల్ల మీది ఫైలు ముందుకు లాక్కుని, "అదేం పెద్ద తేడా రాదులెండి" అన్నారు.

నాలుగో ఫొటో తీశాను. గుర్తులు మునుపటికంటే బాగా దగ్గరయ్యాయి. అది గోడా? రింగా? నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. ఆ రోజు సత్తెమ్మ మంచం పక్క సందులో పిడికిలి పట్టింది.

"ఇగ ఖతం గదా అన్నా? గిప్పుడన్న నమ్ముతరా?" అని అడిగింది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కట్టిన దండ విప్పి మళ్లీ కట్టింది. చివరకు, "అన్నా, ఆ రింగు కదల్లే అని చెప్పు. గంతే. నీదేం పోతది? గోడ కదిలింది నిజమే గదా" అంది.

నేను పట్టీ నుంచి కెమెరా విప్పి సంచిలో సర్దుకున్నాను.

విచారణ మా ఆఫీసు హాల్లోనే జరిగింది. అధ్యక్షుడు ఒక సూపరింటెండింగ్ ఇంజనీరు, మా ప్రభాకర్ గారికంటే పై హోదా. బిల్డర్ తరఫున ఒక కన్సల్టెంట్ వచ్చాడు. సత్తెమ్మ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుంది. ఫొటోలు ఒకదాని మీద ఒకటి వేసి తెర మీద చూపించాను. నాలుగోది రాగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. తేడా కంటికే కనబడుతోంది. అధ్యక్షుడు, ప్రతి కేసులో అడిగే ప్రశ్నే అడిగారు. నాలుగుసార్లూ కెమెరా అమరిక మారలేదు కదా?

నేను ప్రభాకర్ గారి వైపు చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తున్నారు.

మారింది సార్, నాలుగోసారికి ముందు లెన్స్ మీది టేపు తీసేశారు అన్నాను. ఎవరు తీశారని అడిగితే డిప్యూటీ డైరెక్టర్ గారన్నాను. ప్రభాకర్ గారు, ఎండలకు జిగురు కరిగి టేపు దానంతటదే ఊడిందని, తాను శుభ్రం మాత్రమే చేయించానని చెప్పారు. ఊడిన టేపు ఏదని ఎవరూ అడగలేదు. తోటి అధికారిని అటువంటి ప్రశ్న అడగరు.

మళ్లీ మొదటినుంచి తీస్తాను, రెండు నెలలు ఇవ్వండని వేడుకున్నా కమిటీ ఒప్పుకోలేదు. మొదటి మూడు ఫొటోల తేడా సందేహానికి తావిచ్చేంత చిన్నదని, నాలుగోది పనికిరాదని, ముసురు వానల్లో అలాంటి ఇంట్లో మనిషిని ఉంచే బాధ్యత కమిటీ తీసుకోజాలదని ఉత్తర్వులో రాశారు. ఆమె ప్రాణానికి ముప్పు అని చెప్పి ఆమె ఇల్లు కూల్చమన్నారు! ఆ ఉత్తర్వు మీద ప్రభాకర్ గారి సంతకం కూడా ఉంది. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కూల్చాక పునాది తవ్వినప్పుడు రికార్డు కోసం మళ్లీ నన్నే పంపారు. వెనక గోడ కింద రెండు వరసల పునాది రాళ్లున్నాయి. పై వరస కింది వరస మీంచి గుంత వైపుకు జారి ఉంది. మధ్యలో ఇంకా ఆరని కొత్త మట్టి. గోడ ఈమధ్యే జరిగిందని తెలియడానికి లెన్స్ అవసరం లేదు, కళ్లుంటే చాలు. అయినా ఫొటోలు తీశాను, పైకి పంపాను. ఫైలు ముగిసిందని జవాబు వచ్చింది.

ముత్యాల మహేశ్ మాత్రం ఒకరోజు ఆఫీసుకు వచ్చాడు. "అన్నా, కసమ్‌గా చెప్తున్న, మాకు ఎర్క లేదు. సార్ తెచ్చిండు, తిప్పి చూడుమన్నడు. ఎర్కుంటే ముట్టకపోదుము" అన్నాడు. నమ్మాను. తన ఫోన్లో, ఆ ఆదివారం సాయంత్రం ప్రభాకర్ గారు అదే లెన్స్‌తో తీసిన ఫొటో చూపించాడు. లాడ్ బజార్‌లో గాజుల కొట్టు, వెనక దీపాలన్నీ కరిగి గుండ్రటి చుక్కలుగా మెరుస్తున్నాయి. వాళ్ల గ్రూపులో అందరూ శభాష్ అన్నారట. ఫొటో చాలా బాగుంది. ఒళ్లు మండినా ఒప్పుకోక తప్పదు.

సత్తెమ్మ ఇప్పుడు నయాపూల్ దగ్గర బండి మీద పూలు అమ్ముతోంది. కూల్చిన ఇంటికి ఆమెకు దక్కింది ఏమీ లేదు. మొన్న పండుగకు వెళ్లి బంతిపూలు కావాలన్నాను. తల ఎత్తి చూసింది, గుర్తుపట్టింది.

"ఎంత గావాలె, సార్?" అంది.

ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆమె నన్ను సార్ అనలేదు. పూలు తీసుకుని వచ్చేశాను.

రిటైరైన రోజున బీరువా అప్పజెబుతూ, నా తర్వాత వచ్చినతనికి ఒకే మాట చెప్పాను. కొలిచే లెన్సును కెమెరాలంటే పిచ్చి ఉన్న అధికారికి అందనివ్వకు, రూలేం చెప్పినా రెండో తాళం చెవి ఆయన దగ్గర ఉండనివ్వకు. ఆ సామాను గురించి తెలియనివాడు టేపు చూసి భయపడి ముట్టుకోడు. అంతా తెలిసి, దాన్ని ప్రేమించేవాడే టేపు ఊడదీస్తాడు. తుడిచి మెరిపించి తెచ్చి, బాగుంది కదా అని అడుగుతాడు.