పెట్టె మూత లోపల అమ్మ

గుంటూరులో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో మా హాస్టల్లో ప్రతి ఆడపిల్లకూ ఒక రేకు పెట్టె ఉండేది. మూత లోపలివైపు ఎవరికి నచ్చిన బొమ్మలు వాళ్లు అంటించుకునేవాళ్లం. కొందరికి సినిమా వాళ్లు, కొందరికి యేసుప్రభువు. నా మూత నిండా ప్రకటనలే. పాత ఇంగ్లీషు పత్రికల్లోంచి కత్తిరించిన మిక్సీ, టీవీ, బిస్కట్ల డబ్బా, అన్నిటికంటే పెద్దగా తలుపు తెరిచిన ఫ్రిజ్జు. ఆ తలుపు దగ్గర మా అమ్మ.

చర్చిలో తీసిన గుంపు ఫోటోలోంచి అమ్మను కత్తిరించి అక్కడ నిలబెట్టాను. అమ్మది మిరపకాయల తొడిమలు తీసే పని. సాయంత్రం ఇంటికొచ్చి రెండు చేతులూ కుండనీళ్లలో పెట్టుకుని కూర్చునేది. ఫ్రిజ్జు పక్కనుంటే ఆ మంట తగ్గుతుందని నా పిచ్చి.

మా డ్రాయింగు సారంటే నాకు ప్రాణం. ఒకరోజు ఆయన లైబ్రరీ నుంచి బ్రిటన్ పాప్ ఆర్ట్ పుస్తకం తెచ్చి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇబ్బందులు పడ్డ అక్కడి చిత్రకారులు అమెరికా పత్రికల్లోంచి కార్లూ, డబ్బాల తిండీ, ఇల్లు ఊడ్చే మిషన్లూ కత్తిరించి అంటించారట.

"వీళ్లు ఆ వస్తువుల్ని ముద్దు చేస్తున్నారా, వెక్కిరిస్తున్నారా?" అని అడిగారు సారు.

"రెండూనేమో సార్. లేనివాళ్లకి రెండూ ఉంటాయి కదండీ" అన్నాను. ఆ ఊపులో నా పెట్టె మూత సంగతీ, అమ్మ చేతుల సంగతీ కూడా చెప్పేశాను.

ఆయన మురిసిపోయారు. "మన క్లాసులోనే ఆర్టిస్టు ఉందే! కాలేజీ ఎగ్జిబిషన్లో పెడదాం, ఇవ్వమ్మా" అన్నారు. బందులు ఊడదీయించి మూత ఇచ్చేశాను. ఊరికి, అమ్మకు కబురు పెట్టాను. ఆర్టిస్టు అన్న మాట నన్ను నాలుగు రోజులు నేల మీద నిలవనివ్వలేదు.

ఎగ్జిబిషన్ రోజు గోడకు నా మూత ఉంది. దాని పక్కనే సారు సొంతంగా కత్తిరించి అంటించిన బొమ్మ ఉంది. అందులోనూ అవే మిక్సీలు, అవే టీవీలు. దాని కింద అట్టముక్క మీద ఆయన పేరు, 'వస్తు వ్యామోహంపై విమర్శ' అన్న మాట. నా మూత కింద నా పేరు లేదు. 'ప్రకటనల మాయలో పల్లెటూరి దురాశ' అని ఉంది. చూసినవాళ్లు అమ్మ బొమ్మకేసి వేలు చూపించి నవ్వుతున్నారు.

"అమ్మ అక్కడ ఎందుకుందో మీకు చెప్పాను కదా సార్" అన్నాను.

"నిన్ను అన్నది కాదమ్మా, సమాజాన్ని" అన్నారాయన, చాలా తేలిగ్గా.

తెల్లవాళ్లు అంటించినా, ఆయన అంటించినా అది ఆలోచన. నేను అంటిస్తే మాత్రం ఆశ. నమ్మి చెప్పిన మాటనే నా మీదకి తిప్పారు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడే అమ్మ వచ్చింది, చీరాల నుంచి ప్యాసింజరులో, క్రిస్మస్‌కి కొన్న చీర కట్టుకుని. మూత ముందు నిలబడి పకపకా నవ్వింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! నన్ను ఫ్రిజ్జు పక్కన నిలబెట్టావా! కింద ఏం రాశారే?"

అమ్మకు చదువు రాదు.

"నీ పేరు రాశారమ్మా" అన్నాను.

సారు పక్కనే ఉన్నారు. అవునన్నట్టు తలూపారు.

అమ్మ పొట్టు లేచిన రెండు చేతులూ జోడించి, "వందనాలు సారూ" అంది.